అడవిలో నొదిగిన కొయ్యయిల్లు

ఈ సంచికకొక చరిత్రవ్యాసము వ్రాయుమని సంఘమువారు మమ్ము కోరినప్పుడు, రాజుల చరిత్రము గాని కవుల చరిత్రము గాని వ్రాయుటకు మా పాండిత్యము చాలదని మనవి చేసికొంటిమి. మేము మెట్రిక్కుతో చదువు చాలించి, చంద్రపురము జిల్లాలో నొక కలపడిపోయందు ముప్పదినాలుగేండ్లు గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందినవారము. మాకు తెలిసినది కొయ్య. అందును దుంగయొక్క పొడవు, చుట్టుకొలత, దానిపై కొట్టిన సుత్తిముద్ర, పద్దుపుస్తకములో దాని వరుససంఖ్య, ఇంతమాత్రమే తెలియును. ఆ దుంగ ఏ చెట్టునుండి వచ్చినదో, ఆ చెట్టునీడ నెవరు కూర్చుండిరో ఏనాడును విచారించినవారము కాము.

ఆ విచారము వృద్ధాప్యమున తప్పనిసరియైనది. సిరోంచ తాలూకాలో, ప్రాణహిత గోదావరితో కలియుచోటికి కొంత దూరమున, మా ముత్తాత సంపాదించిన భూమి కొంచెము కలదు. దాని యంచున అడవి. మా తమ్ముని కుమారుడు పట్టణమున నుద్యోగము చేసి, ఆ భూమిలో నొక కొయ్యయిల్లు కట్టుకొని స్థిరపడ నిశ్చయించెను. పట్టణమున గీయించిన పటమును మాకు చూపెను. చక్కని పటమే. అయితే అందులో చూపిన యిల్లు నిలువవలెనన్న పదునొకండు చెట్లు పడవలెను. వానిలో ఆఱు టేకులు, అయిదు ఇప్పలు. ఆ ఇప్పచెట్ల క్రింద ప్రతి సంవత్సరము మార్చి, ఏప్రిల్ మాసములలో పొరుగు గోండుకుటుంబముల స్త్రీలు తెల్లవారకమునుపే వచ్చి రాలిన పూవు లేరుకొందురు. వారి తల్లులును అచ్చటనే యేరుకొనిరి.

"పెద్దబాపూ, చెట్లు మఱల నాటవచ్చును, ఇల్లు ఒక్కమాఱే కట్టుదుము గదా" అని అతడు మమ్మడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఇట్టి యింటిని మనకంటె ముందు కట్టినవారేమి చేసిరో తెలిసికొని చెప్పెదమని కొంత గడువు కోరితిమి. ఆ గడువులో మేము తెలిసికొన్నదియే యీ వ్యాసము.

అడవిలోని యింటి మాట యెత్తగనే తెలుగువారికి మొదట స్ఫురించునది పర్ణశాల. భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున దుమ్ముగూడెము మండలములో గోదావరియొడ్డున ఆ పేరనే గ్రామము కలదు. మహారాష్ట్రమున నాసికవారు పంచవటి తమదందురు. మనకు రెండు ప్రాంతములతోను సంబంధము కలదు గనుక ఆ వివాదములోనికి మేము దిగము. మాకు కావలసినది వాల్మీకి చెప్పిన గృహనిర్మాణ విధానము. అరణ్యకాండమున నది స్పష్టముగానే యున్నది.

మొదటి పని స్థలనిర్ణయము. మువ్వురకును మనసు రంజిల్లునట్టియు, నీరు, సమిధలు, పూవులు, దర్భలు దగ్గఱనే లభించునట్టియు చోటు వెదకుమని రాముడు లక్ష్మణునితో చెప్పును. చోటు నీవే చూపుము, నేను కట్టెదనని లక్ష్మణుడు బదులు చెప్పును. అంతట రాముడు పూచిన చెట్ల నడుమ నొక సమతలమును చూపించును. గోదావరి అతిదూరమును గాక అతిసమీపమును గాక యున్నది. మృగములు తిరుగాడుచున్నవి. అటుపిమ్మటనే నిర్మాణము. మన్ను కూర్చి, గట్టి కంబములు నిలిపి, పొడవైన వెదుళ్లను వాసములుగా నమర్చి, జమ్మికొమ్మలు పఱచి, త్రాళ్లతో బిగించి, దర్భ, రెల్లు, ఆకులతో కప్పి, నేల చదును చేసెను. పిదప గోదావరిలో స్నానమాడి, తామరలు తెచ్చి, పూలబలి యిచ్చి, శాంతి జరిపి, అప్పుడుగాని యన్నకు ఇల్లు చూపలేదు.

మేము చిన్ననాటనుండి ఈ కథ వినుచున్నను ఒక సంగతి గమనింపలేదు. ఆ యింటిలోని వస్తువులన్నియు ఆ చుట్టుప్రక్కలవే. ఏదియు దూరమునుండి తెచ్చినది కాదు. స్థలము చూచినవాడు అచ్చట నివసింపబోవువాడు, కట్టినవాడును అచ్చట నివసింపబోవువాడే. మా తమ్ముని కుమారుని పటము గీసినవాడన్ననో, ఆ భూమిని ఒక్క మధ్యాహ్నముకంటె నెక్కువ చూచినవాడు కాడు.

పురాణకథను విడిచి నేడు కన్నులకు కనిపించువానిని చూతము. మా జిల్లాలలోని గోండుల పాతయిండ్లకు కొయ్యకంబములు, వెదురుతడికలకు మెత్తిన మట్టిగోడలు, పైన గడ్డియో నాటుపెంకులో ఉండును. చూరు వంగి లోనికి పోవలసినంత క్రిందికి దిగియుండును. అది పేదఱికమువలన నైన కుఱుచదనమని మేము యౌవనమున తలచితిమి. వానదెబ్బకు మట్టిగోడ కరగకుండుటకే చూరంత క్రిందికి దింపుదురని తరువాత తెలిసినది. ఇట్టి యిల్లు విడిచిపెట్టినచో కొన్ని వానకాలములలో మన్ను మన్నులోను, వెదురు వేళ్లలోను కలిసిపోవును. ఉత్తరాంధ్రతీరమున మన పూర్వులు కట్టిన చుట్టిండ్ల తత్త్వమును ఇదియే. గోడ గుండ్రము, కప్పు నేలకు దాపు, తుపానుగాలికి పట్టు దొరకదు. ఒడిస్సాలో స్థిరపడిన మన సోదరులలో పెద్దవారు అట్టి యిండ్లలో పుట్టినవారు కలరు.

తమిళనాడులోని తెలుగువారికి సమీపముననే నీలగిరులలో తోడాలు కలరు. వారి భాష మన భాషకు సోదరి, ద్రావిడకుటుంబములోనిదే. డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్ అను ఆంగ్లపండితుడు 1906లో వారినిగూర్చి పెద్దగ్రంథము ప్రకటించెను. వారి పాతపద్ధతి యిల్లు సగము పూడ్చిన పీపావలె నుండును. వెదుళ్లను విల్లువలె వంచి, బెత్తముతో కట్టి, పైన గడ్డి కప్పుదురు. ఎత్తు సుమారు 10 అడుగులు, పొడవు 18, వెడల్పు 9. ద్వారము మూడడుగులకు మించదు, ప్రాకుచు లోనికి పోవలసినదే. చలిగాలిని, వన్యమృగములను అట్లు బయట నిలుపుదురు. దూరమునుండి చూచినచో నీలగిరుల పచ్చికగుట్టలలో నదియు నొక చిన్నగుట్టవలె కనబడును. అడవితో కలియుటకు వారేమియు రంగు పూయలేదు. గాలికి, చలికి, వానకు తగినట్లు కట్టిరి. ఆ గాలి, చలి, వానలే కొండకును ఆ రూపమిచ్చినవి గనుక రెండును పోలికగా నిలిచినవి.

ఇక మూడవ ఉదాహరణము సముద్రములు దాటియున్నది. గుమాస్తాలమైన మాకు మిక్కిలి నచ్చినదియు నిదియే. ఏలయన, ఆ యిల్లు కట్టినవాడు లెక్క వ్రాసియుంచెను.

అమెరికాదేశమున మాసచూసెట్సు రాష్ట్రములో కాంకర్డు అను ఊరు కలదు. దాని సమీపమున వాల్డెన్ అను చెరువు. హెన్రీ డేవిడ్ థోరో 1845వ సంవత్సరము మార్చి చివర ఒక గొడ్డలి యెరువు తెచ్చుకొని, తన మిత్రుడు ఎమర్సనుకు చెందిన భూమిలో, చెరువుగట్టున పైన్ చెట్లు కొట్ట నారంభించెను. గొడ్డలిని తెచ్చినప్పటికంటె పదునుగా తిరిగి యిచ్చెనట. ప్రధానమైన కొయ్యలను ఆఱంగుళముల చదరముగా చెక్కెను. నిలువుకొయ్యలను రెండు ప్రక్కలు మాత్రము, వాసములను, నేలదూలములను ఒక్క ప్రక్కమాత్రము చెక్కి, తక్కినచోట బెరడట్లే ఉంచెను. అందువలన ఱంపముతో కోసినవానికంటె అవి బలముగా నున్నవని వ్రాసెను. గోడలకు పలకలు కావలసి, రైలుదారి పనిచేయుచుండిన యొక ఐరిష్ కూలివాని గుడిసెను 4 డాలర్ల 25 సెంట్లకు కొని, విప్పి, పలకలను చెరువుగట్టుకు చేరవేసి, గడ్డిపై ఎండబెట్టి వంకరలు తీర్చెను. మే నెల మొదట మిత్రుల సాయముతో చట్రము నిలిపెను. జూలై 4వ తేదీన గృహప్రవేశము. పొగగొట్టమును శరదృతువులో, పొలముపని ముగిసిన తరువాత, తానే కట్టెను.

ఆ యిల్లు వెడల్పు 10 అడుగులు, పొడవు 15, కంబముల యెత్తు 8. రెండు ప్రక్కల రెండు కిటికీలు, ఒక చివర తలుపు, ఎదుట ఇటుకపొయ్యి. మొత్తము ఖర్చు 28 డాలర్ల 12½ సెంట్లు. వేయి పాత ఇటుకలకు 4 డాలర్లు, గాజుతో కూడిన రెండు పాతకిటికీలకు 2 డాలర్ల 43 సెంట్లు. సుద్దముక్కకు ఒక్క సెంటు కూడ పద్దు వ్రాసెను! మేము డిపోలో ఎన్నో లెక్కలు చూచితిమిగాని ఇంత నిజాయతీగల పద్దును చూడలేదు.

థోరో అందు రెండు సంవత్సరముల రెండు నెలల రెండు దినములు నివసించి, 1847 సెప్టెంబరు 6వ తేదీన విడిచి వచ్చెను. 1854లో "వాల్డెన్" అను పుస్తకము ప్రకటించెను. తాను కొన్ని పైన్ చెట్లు కొట్టినను, ఆ పని ముగియునప్పటికి ఆ చెట్టును బాగుగ తెలిసికొని దానికి శత్రువుకంటె మిత్రుడనే యైతినని అందు చెప్పుకొనెను. ఈ మాటయొద్ద మేము పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిమి. మేము చేతితో ఒక్క చెట్టును కొట్టలేదు. అయితే లక్షల దుంగలకు సంఖ్యలు వేసితిమి. వానిలో నొక్కదానికైనను మేము మిత్రులము కాలేదు.

ఆ యిల్లు నేడు లేదు. దానిని చెరువుగట్టునుండి తరలించి, ధాన్యము దాచుటకు వాడి, కడపట విప్పివేసిరి. నూఱేండ్ల తరువాత 1945లో రోలండ్ రాబిన్స్ అను నతడు త్రవ్వి పొగగొట్టపు పునాది కనుగొనువఱకు ఆ చోటెచ్చటనో నిశ్చయముగా తెలియకుండెను. అడవి తన చోటును తాను తిరిగి పుచ్చుకొనెను. ఇంతకంటె అడవితో కలిసిన యిల్లు వేఱొకటి యుండునా?

థోరో వ్రాతలను గాంధీమహాత్ముడు చదివి గౌరవించెనను సంగతి అందఱకు తెలిసినదే. మహాత్ముడు 1936లో మా చంద్రపురమునకు ఉత్తరముగానున్న వార్ధా జిల్లాలోని శేగాఁవ్ గ్రామమునకు వచ్చి నివసించెను. ఆ గ్రామమే 1940లో సేవాగ్రామ మైనది. అచ్చటి బాపూకుటీ మొదట మీరాబెన్ తనకొఱకు కట్టించుకొన్నది. మన్ను, వెదురు, కొయ్య, నాటుపెంకులు, చుట్టుప్రక్కల దొరకినవే. లోపలిగోడపై ఆమె మట్టితోనే ఈతచెట్లను తీర్చెను. మేము ఉద్యోగకాలమున రెండుమాఱులు చూచితిమి. దేశపు పెద్దలందఱు వచ్చి కూర్చున్న చాపలు ఆ చిన్న యింటిలోనివే.

కొత్తకాలపు శిల్పులును ఈ పాఠమును మఱవలేదు. అమెరికాలోనే ఆర్కన్సా రాష్ట్రమున యురేకా స్ప్రింగ్స్ వద్ద 1980లో ఫే జోన్స్ అను శిల్పి థార్న్‌క్రౌన్ అను ప్రార్థనాలయము నిర్మించెను. అది నివాసగృహము కాకున్నను, అడవిలో కొయ్యకట్టడము కనుక ఇచ్చట చెప్పదగినది. ఎత్తు 48 అడుగులు, కిటికీలు 425. ఇద్దఱు మనుష్యులు చెట్ల నడుమనుండి మోసికొని పోజాలని కొయ్య యొక్కటియు వాడరాదని ఆయన నియమము పెట్టుకొనెను. పెద్ద యంత్రములకు దారి చేయుటకై చెట్లు కొట్టనక్కఱలేకపోయెను. చుట్టునున్న చెట్ల బెరడుతో కలియునట్లు కొయ్యకు బూడిదవన్నె రుద్దించెను.

ఇన్ని చూచిన పిమ్మట మా తమ్ముని కుమారుని పిలిచి, మా సిరోంచభూమిలోనే కూర్చుండి మాటలాడితిమి. చట్టము సంగతి మొదట చెప్పితిమి. మహారాష్ట్రమున 1964 నాటి చట్టము ప్రకారము టేకు, ఇప్ప మున్నగు చెట్లు సొంతభూమిలో నున్నను అనుమతి లేక కొట్టరాదు. "అనుమతి తెచ్చుట మీకు తెలిసిన పనియే గదా" అని నవ్వెను. నిజమే. ఆ కాగితములు వ్రాయుటయే మా జీవితము. "ఆ కాగితము వ్రాయుటకు నా చేయి రాదు నాయనా" అంటిమి. అతడు నవ్వు మానెను.

పటము మారుటకు ఎనిమిది నెలలు పట్టెను. ఒక్క పెద్దయింటికి బదులు, చెట్ల సందులలో నిమిడిన మూడు చిన్నగదులు, వానిని కలుపు వసారా. కందకము త్రవ్వక, రాతిదిమ్మలపై కంబములు నిలిపి, నేలను ఒకటిన్నర అడుగు పైకెత్తితిమి. దానివలన వేళ్లు తెగవు, చెదలు సులభముగా పట్టవు, వాననీరు క్రిందుగా పోవును. కొయ్య చాలవఱకు మా తాతగారి కూలిన మండువాయింటిది. ఆ టేకుకంబముల చేవ నూఱేండ్లకు పైబడినను చెడలేదు. థోరోవలె బెరడుంచవలెనని మావాడు ముచ్చటపడెను. "మన వానలకు బెరడు క్రింద పురుగు చేరును, సారూ, తీసివేయవలసినదే" అని మా వృద్ధవడ్రంగి చెప్పెను. ఆ మాట నిజము. చలిదేశపు పద్ధతిని మన దేశమున కండ్లు మూసికొని యనుసరించుటయు అడవిని మఱచుటయే యగును. బాడిసతో చెక్కి, కుసులు బిగించి, మేకులు మితముగా వాడిరి. ప్రతి కొయ్యయు ఇద్దఱు మోయదగినదే. లాఱీకి దారి చేయలేదు. రంగు వేయలేదు. టేకు ఎండకు వానకు తనంతట తానే బూడిదవన్నెకు తిరుగును. నేడు ఆ యింటికంబములకును ప్రక్క మ్రాకులకును దూరమునుండి తేడా కనబడదు.

అయితే మా తప్పొకటి చెప్పక దాచుట న్యాయము కాదు. వంటగదికి మాత్రము రాతిపునాది యుండితీరవలెనని పట్టుపట్టినవారము మేమే. ఆ కందకము ఒక పెద్ద ఇప్పచెట్టు వేళ్లను ఒక ప్రక్క తెగగొట్టెను. ఆ చెట్టు మూడవయేట ఎండిపోయెను. ఆ మార్చినెలలో పూవు లేరుటకు వచ్చిన గోండువృద్ధురాలు ఆ మ్రోడును తడవి చూచి, మమ్మేమియు ననక, ప్రక్కచెట్టు క్రిందికి పోయెను. ఆమె తిట్టినను మాకంత బాధ కలిగెడిది కాదు. మొత్తముమీద పద్దు వ్రాయవలసినచో ఇట్లుండును: పటము ప్రకారము పడవలసిన చెట్లు పదునొకండు. తప్పనిసరియై కొట్టినది ఒకటి, అదియొక టేకు. మా మొండితనమువలన చచ్చినది ఒకటి. నిలిచినవి తొమ్మిది.

ఆలపల్లి టేకు దేశమెల్ల ప్రసిద్ధము. 2023లో అయోధ్యలోని రామాలయమునకు చంద్రపురము, గడ్చిరోలి అడవుల టేకు ఊరేగింపుతో వెళ్లినప్పుడు మేమును దారిప్రక్క నిలిచి నమస్కరించితిమి. అదే ఆలపల్లిలో కొట్టక విడిచిన యొక ప్రాచీనవనఖండమును 2014లో జీవవైవిధ్య వారసత్వస్థలముగా ప్రకటించిరి. గుడికి పోయిన కొయ్యయు గౌరవమే, కొట్టక నిలిపిన చెట్టును గౌరవమే. మేము డిపోలో నుండగా మొదటిదానికి మాత్రమే పద్దుండెను. రెండవదానికి పద్దు లేదు.

ఈ సంచిక చదువువారు పలురాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారు. మనమును ఒకరి యడవిలో ఇల్లు కట్టుకొన్నవారమే. వీధిలో మరాఠీయో కన్నడమో ఒడియాయో తమిళమో మాటలాడి, గడప దాటి తెలుగు మాటలాడుదుము. కలిసిపోవుట యనగా కనబడకుండ పోవుట కాదని ఆ సిరోంచ యింటిని చూచినప్పుడెల్ల మాకు తోచుచుండును. అది చెట్ల నడుమ నొదిగియున్నది, అయినను దాని ద్వారబంధము మా తాతగారిది, గడపకు పసుపు కుంకుమలు నేటికిని పెట్టుచున్నాము. పొరుగువారి ఇప్పపూవులకు అడ్డురాకుండుటయు, మన గడపను మఱవకుండుటయు, రెండును చేయవచ్చును.

కడపట నొక విన్నపము. మీ మీ యూళ్లలో మన పెద్దలు కట్టిన పాతకొయ్యయిండ్లు ఇంకను నిలిచియున్నచో, అవి పడకమునుపే వాని కొలతలు, కొయ్యజాతి, కట్టిన పద్ధతి, వడ్రంగులు వాడిన మాటలు ఒక కాగితముపై వ్రాసి సంఘమునకు పంపుడు. సుద్దముక్క వెలయైనను విడువకుడు. మా వంటి గుమాస్తాలు వానిని వరుసపెట్టి పద్దు కట్టగలరు.